రామప్ప గుడి థీమ్‌తో కంప్యూటర్ కేబినెట్: కోత మొదలుపెట్టే ముందు తేలాల్సిన లెక్కలు

థీమ్ అనుకోగానే అందరూ ముందు బొమ్మ గీస్తారు. గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలన్న సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. అప్పటికే ముందు పలక చెక్కడం, రంగు వేయడం అయిపోయి ఉంటాయి. ఫ్యాన్లకు ఊపిరాడదు, గేమ్ పెట్టిన పావుగంటకే గ్రాఫిక్స్ కార్డు పిండిమరలా మోత పెడుతుంది. అందుకే ఈ ప్లానులో వరుస తిరగేశాం. ముందు గాలి, ఆ తర్వాత కొలతలు, శిల్పం చివర్న.

ఉదాహరణకు తీసుకున్నది పాలంపేట రామప్ప గుడి. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడిలో కేబినెట్‌కు పనికొచ్చే భాగాలు చాలా ఉన్నాయి. గుడి ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద ఆనుకున్న మదనికలు, అంటే నాట్యగత్తెల శిల్పాలు, నిగనిగలాడే నల్లరాయి. అంటే రెండు రంగులతో పని తేలిపోతుంది. కింద నక్షత్రాకారంలో ఎత్తైన అరుగు ఉంది, బయటి గోడ చుట్టూ ఏనుగుల బారు ఉంది. శిఖరానికి వాడినవేమో నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు.

ఏ భాగం ఏ పని చేస్తుంది

ఒక్కటే నియమం పెట్టుకోండి: పని లేని అలంకారం ప్లానులోకి రాకూడదు. అరుగు కేబినెట్‌కు పాదాలవుతుంది, పవర్ సప్లైకి కింద నుంచి గాలి ఇస్తుంది. స్తంభాల వరస ముందు ఫ్యాన్ల ఎదుట నిలబడుతుంది, స్తంభాల మధ్య ఖాళీలే గాలి దారులు. ఏనుగుల పట్టీ ముందు పలక అడుగున, ఫ్యాన్లు లేని చోట వస్తుంది. మదనిక గుడిలో చూరు కింద ఉన్నట్టే ఇక్కడ గ్రాఫిక్స్ కార్డు కింద ఉండి, కార్డు వాలిపోకుండా మోస్తుంది.

శిఖరం పెట్టాలని చేతులు లాగుతాయి. వద్దు. కేబినెట్ పైభాగం వేడి గాలి బయటికి పోయే చోటు. దాని మీద గోపురం కడితే పొయ్యి మీద మూత పెట్టినట్టే. మండపం కప్పులా పైన చదునుగానే ఉంచండి. ఇంకోటి: లింగం, నంది లాంటి పూజా రూపాలు తీసుకోకండి. కేబినెట్ చాలా ఇళ్లలో టేబుల్ కింద, కాళ్ల దగ్గర ఉంటుంది. ఇంటికొచ్చిన పెద్దవాళ్లు ముందు అడిగేది దాని గురించే. ఏనుగులు, స్తంభాలు, మదనికలతో ఆ ఇబ్బంది రాదు.

కేబినెట్ ఎంచుకోవడం

ఏటీఎక్స్ మిడ్ టవర్ (మామూలు సైజు మదర్‌బోర్డు పట్టే మధ్యరకం పెట్టె) తీసుకోండి. ఇక్కడి లెక్కలన్నీ సుమారు 450 మి.మీ. ఎత్తు, 210 వెడల్పు, 430 లోతు ఉన్న పెట్టెకు వేసినవి. మీది తేడాగా ఉంటే అదే పద్ధతిలో మళ్లీ లెక్కవేసుకోండి. కొనేటప్పుడు చూడాల్సినవి: ముందు 120 మి.మీ. ఫ్యాన్లు మూడు పట్టాలి, పవర్ బటనూ యూఎస్‌బీ పోర్టులూ పైన ఉండాలి, ముందు ప్లాస్టిక్ భాగం క్లిప్పులతో ఊడిరావాలి. పోర్టులు ముందు పలకలోనే ఉంటే స్తంభాల మధ్య వాటికి కన్నాలు పెట్టాలి, కేబుళ్లు పొడిగించాలి. పని రెట్టింపవుతుంది. యూఎస్‌బీ 3 కేబులు మందంగా, మొండిగా ఉంటుంది, అడిగినట్టు వంగదు.

పక్కన ఉండే టెంపర్డ్ గ్లాసును కోయాలనీ, డ్రిల్ చేయాలనీ ఆలోచన పెట్టుకోకండి. బ్లేడు గానీ బిట్టు గానీ ఎక్కడ తాకినా మొత్తం ఒక్కసారే పొడిపొడిగా రాలిపోతుంది. దాని మీద కట్ చేసిన ఫ్రాస్టెడ్ వినైల్ స్టిక్కరు అతికించుకోవచ్చు.

గాలి లెక్క

120 మి.మీ. ఫ్యానులో రెక్కలు తిరిగే చోటు, మధ్య గుండీ తీసేస్తే, సుమారు 90 చదరపు సెంటీమీటర్లు. మూడింటికి 270. ఫ్యాన్ల ముందు ఏం నిలబెట్టినా, గాలి దూరే ఖాళీ మొత్తం దీనికి ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. అంటే సుమారు 400.

చాలామంది మొదట అనుకునేది రాతి జాలీ. చూడ్డానికి బాగుంటుంది కూడా. 150 మి.మీ. వెడల్పు, 340 ఎత్తున్న జాలీలో కన్నాలు 30 శాతం అనుకుంటే ఖాళీ 153 చ.సెం.మీ. కావాల్సిన దాంట్లో సగం కూడా లేదు. పైగా చిన్న కన్నాల్లో నెల తిరిగేసరికి దుమ్ము పేరుకుంటుంది. జాలీ మీద అంత మనసుంటే ఆ నమూనాను గ్లాసు మీద వినైల్‌గా వేయండి. అక్కడ గాలితో పని లేదు.

స్తంభాల లెక్క ఇలా వస్తుంది. పలక వెడల్పు 210. అంచుల్లో రెండు లావు స్తంభాలు, ఒక్కోటి 30. మిగిలిన 150లో రెండు సన్న స్తంభాలు, ఒక్కోటి 21. అప్పుడు మూడు ఖాళీలు, ఒక్కోటి 36 మి.మీ. పైన చూరుకు 50, కింద ఏనుగుల పట్టీకి 60 పోతే ఖాళీ ఎత్తు 340. మూడు ఖాళీలూ కలిపి 367 చ.సెం.మీ. స్తంభాల తలలూ దిమ్మెలూ బయటికి పొడుచుకొచ్చి ఇందులో ఆరో వంతు దాకా తినేస్తాయి. 310 మిగిలిందనుకోండి. చాలదు.

మిగతాది పక్కల నుంచి రావాలి. పలకను ఉక్కు చట్రానికి అతికించకుండా 29 మి.మీ. ముందుకు జరిపి నిలబెడితే కుడి ఎడమల సందులు కలిసి దగ్గరదగ్గర 200 చ.సెం.మీ. ఇస్తాయి. మొత్తం 510. మూడు ఫ్యాన్లకు హాయిగా సరిపోతుంది. ఈ సందు ఇంకో మేలు చేస్తుంది: ఫ్యాను మొహానికి స్తంభం మరీ దగ్గరగా ఉంటే రెక్క దాటిన ప్రతిసారీ ఊళ లాంటి సన్నని మోత వస్తుంది. దూరం పెరిగితే అది తగ్గుతుంది.

దుమ్ము ఫిల్టరు స్తంభాల వెనక కాకుండా, కేబినెట్‌తో వచ్చిన చోటే ఉంచండి. ముందు మూడు లోపలికి, వెనక ఒకటి బయటికి పెడితే లోపల గాలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉండి, సందుల్లోంచి దుమ్ము తక్కువ దూరుతుంది.

పలక నిలబడే తీరు

అయస్కాంతాలు వాడితే నెలకోసారి పలక తీసి తుడుచుకోవచ్చు. ఉక్కు చట్రానికి ఆరు చోట్ల 3.2 మి.మీ. కన్నాలు పెట్టి 25 మి.మీ. ఎం3 (3 మి.మీ. స్క్రూ పట్టే) ఇత్తడి స్పేసర్లు, అంటే దూరం నిలిపే పొట్టి గొట్టాలు, బిగించండి. వాటి కొసన మధ్యలో కన్నం ఉన్న 10 × 3 మి.మీ. నియోడిమియం అయస్కాంతాలు స్క్రూతో బిగించి, పలక వెనక 1 మి.మీ. ఇనుప వాషర్లు అతికించండి. 25, 3, 1 కలిసి 29. రెండు వైపులా అయస్కాంతాలు పెడితే ధ్రువాలు తారుమారై పలక తోసేసుకుంటుంది. వాషరుతో ఆ బెడద లేదు. వాషర్లు మామూలు జింక్ పూతవి కొనండి. స్టెయిన్‌లెస్‌లో చాలావాటికి అయస్కాంతం పట్టదు.

అయస్కాంతం ఎదురుగా లాగితే గట్టిగా పట్టుకుంటుంది గాని కిందికి జారే బరువును అంతగా ఆపలేదు. పలక బరువంతా అరుగు మీదే ఆనాలి, గుడి స్తంభాల్లాగే. అయస్కాంతాలు ముందుకు పడకుండా పట్టుకుంటే చాలు. పలక మందం 15, సందు 29, కలిపి 44. అందుకే అరుగు ముందువైపు 60 మి.మీ. బయటికి రావాలి.

అరుగు

18 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు, మొత్తం 36 ఎత్తు. పక్కలకు 30 చొప్పున, వెనక 30, ముందు 60 పెంచితే బయటి కొలత 520 × 270. మూలల దగ్గర 15 మి.మీ. మెట్లుగా లోపలికీ బయటికీ గీస్తే నక్షత్రపు అరుగు కనిపిస్తుంది. నిజం గుడిలోలా అన్ని కోణాలూ పెట్టబోతే ఈ కొలతలో ముళ్లకంపలా ఉంటుంది. పక్కకు మూడు మెట్లు చాలు.

నడుమ భాగం తీసేసి 50 మి.మీ. పట్టీ మాత్రం చట్రంలా ఉంచండి, ఎందుకంటే పవర్ సప్లై ఫ్యాను కింద నుంచే గాలి పీలుస్తుంది. అరుగు కింద 10 మి.మీ. రబ్బరు పాదాలు నాలుగు పెట్టండి. చుట్టూ ఏర్పడే ఆ 10 మి.మీ. సందే 150 చ.సెం.మీ. దాటుతుంది. రామప్ప పునాదిలో అదురు తట్టుకోవడానికి ఇసుక పోశారంటారు. మన అరుగుకు ఆ పని రబ్బరు చేస్తుంది. దీన్ని తివాచీ మీద పెడితే మాత్రం ఆ సందు మూసుకుపోతుంది.

తరచూ దొర్లే తప్పు ఇక్కడ ఒకటుంది. పవర్ సప్లై కింది ఫిల్టరు కొన్ని పెట్టెల్లో వెనక్కి, కొన్నింట్లో పక్కకి, మరికొన్నింట్లో ముందుకి జారి బయటికొస్తుంది. అరుగు గీసే ముందు అది ఎటు వస్తుందో లాగి చూడండి. ఆ వైపు పై పొరలో ఫిల్టరు వెడల్పుకు 5 మి.మీ. కలిపి గాడి వదలండి. లేకపోతే ఫిల్టరు తీయడానికి ప్రతిసారీ మొత్తం కేబినెట్ ఎత్తాలి.

అట్టతో నమూనా

స్క్రీన్ మీద గీసింది నమ్మకండి. ఫ్రిజ్‌లో, టీవీలో వచ్చే అట్టపెట్టె కోసి మొత్తం నిజం కొలతలో కట్టండి. ముందు పలక బొమ్మను ఏ4 కాగితాల మీద నూటికి నూరు శాతం సైజులో ప్రింటు తీసి అతికించండి. ప్రింటర్ సెట్టింగులో పేజీకి సరిపెట్టే ఆప్షను ఆన్‌లో ఉంటే సైజు కాస్త తగ్గిపోతుంది, ముందే తీసేయండి. రెండు రోజులు టేబుల్ మీద ఉంచి రోజూ పని చేసుకోండి. బటను అందుతుందా, హెడ్‌ఫోన్ వైరు చూరుకు తగులుతుందా, పలక తీసేటప్పుడు వేళ్లు ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ అప్పుడే బయటపడతాయి. వేళ్లు దూర్చడానికి చూరు అడుగున 20 మి.మీ. లోతు గాడి ఒకటి దాదాపు ప్రతి ప్లానులోనూ మర్చిపోతారు.

అట్ట పలక పెట్టి ఒకసారి, తీసి ఒకసారి ఉష్ణోగ్రతలు చూడండి. తేడా 5 డిగ్రీలు దాటితే అసలు పలకకూ అంతే వస్తుంది. ఖర్చు పెట్టకముందే తెలిసింది కదా.

పలకకు ఏ మెటీరియల్

450 × 210 × 15 మి.మీ. పలక, ఖాళీలు కోయకముందు, యాక్రిలిక్‌లో 1.7 కిలోలు తూగుతుంది, ఎండీఎఫ్‌లో కిలో పైన. ఫ్లెక్సీ బోర్డుల షాపుల్లో దొరికే పీవీసీ ఫోమ్ షీటు, మనవాళ్లు సన్‌బోర్డ్ అనేది, ముప్పావు కిలో అటూ ఇటూ. రామప్ప ఇటుకలాగే ఇదీ నీళ్లలో తేలుతుంది. చెక్కడానికి మెత్తన, చెమ్మకు ఉబ్బదు. ఎండీఎఫ్ అంచు వానాకాలంలో బిస్కెట్టులా పొంగుతుంది.

ప్రాణం మీదికి వచ్చే సంగతి: సన్‌బోర్డ్‌ను లేజర్ మీద ఎప్పుడూ కోయించకండి. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులనూ మెషిన్‌నూ రెండింటినీ తినేస్తుంది. తెలిసిన షాపువాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకున్నారంటే తెలియదని అర్థం. దీనికి సీఎన్‌సీ రౌటరు (కంప్యూటర్ నడిపే, తిరిగే బిట్టుతో కోసే మెషిన్) కావాలి. యాక్రిలిక్, ఎండీఎఫ్ అయితే లేజర్‌కు ఇవ్వొచ్చు.

థర్మోకోల్ వైపు పోకండి. స్ప్రే పెయింటులోని సాల్వెంటు తగలగానే గుంటలు పడి కరిగిపోతుంది.

ముందు పలకకు 5 మి.మీ. సన్‌బోర్డ్ మూడు పొరలు. వెనకది చట్రం, మధ్యది స్తంభాలు, ముందుది స్తంభాల తలలు, ఏనుగులు, చూరు అంచు. 4 × 2 అడుగుల ముక్కలో 210 × 450 పట్టీలు అయిదు వస్తాయి. మూడు వాడుకోగా రెండు మిగులుతాయి. అవి తప్పకుండా అవసరమవుతాయి, పారేయకండి.

ముఖ్యంగా కావాల్సినవి:

- 5 మి.మీ. సన్‌బోర్డ్ 4 × 2 అడుగులు: 1
- 18 మి.మీ. ప్లైవుడ్ 600 × 300 మి.మీ.: 2
- ఎం3 ఇత్తడి స్పేసర్లు 25 మి.మీ.: 6, స్క్రూలు డజను
- కన్నమున్న అయస్కాంతాలు 10 × 3 మి.మీ.: 8 (రెండు పగులుతాయనుకోండి)
- జింక్ పూత వాషర్లు: 6
- రబ్బరు పాదాలు 10 మి.మీ.: 4
- గ్రే ప్రైమర్ స్ప్రే 400 మి.లీ.: 2. నిగారింపు ఉన్న నలుపు: 1. మ్యాట్ క్లియర్: 1
- యాక్రిలిక్ రంగులు: ఇటుక ఎరుపు, గోధుమ, లేత చందనం, తెలుపు
- 220, 320, 600 నంబరు ఎమరీ పేపరు: రెండేసి

హైదరాబాద్‌లో అయితే కంప్యూటర్ భాగాలకు సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్), స్పేసర్లూ ఎల్‌ఈడీలూ వైర్లకు కోఠి గుజరాతీ గల్లీ, నట్లు బోల్టులకు రాణీగంజ్. ఊళ్లలో ఉన్నవాళ్లకు ఫ్లెక్సీ షాపు, కార్ పెయింటింగ్ షెడ్డు, ఎలక్ట్రికల్ షాపుతో సగం పైన తీరిపోతుంది.

కటింగ్ షాపుకు ఇచ్చే ఫైలు

ఇంక్‌స్కేప్‌లో గీసుకోవచ్చు, ఉచితం. ఎక్కువ షాపులు కోరెల్ డ్రాలో తెరుస్తాయి, డీఎక్స్‌ఎఫ్ ఫైలు తీసుకుంటాయి. డీఎక్స్‌ఎఫ్‌తో ఒక తిరకాసుంది: యూనిట్ సరిగా పోకపోతే మిల్లీమీటర్లు అంగుళాలుగా మారి బొమ్మ 25.4 రెట్లు పెద్దదో చిన్నదో అవుతుంది. అంత తేడా ఎవరికైనా కనిపిస్తుంది. అసలు ప్రమాదం కొద్ది శాతం తేడా వచ్చినప్పుడు. దానికి విరుగుడు, ఫైలు మూలన సరిగ్గా 100 మి.మీ. చదరం గీసి పెట్టడం. షాపువాళ్ల స్క్రీన్ మీద దాన్ని కొలిపించండి. 100 రాకపోతే మెషిన్ స్టార్ట్ చేయనివ్వకండి.

5 మి.మీ. అని కొన్న షీటు 4.7 ఉండొచ్చు, 5.2 ఉండొచ్చు. 3 మి.మీ. యాక్రిలిక్ చాలాసార్లు 2.8. గాడిలో కూర్చునే భాగాలు గీసే ముందు షీటు కొని, వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలిచి, పెద్ద అంకెకు 0.2 కలిపి గాడి వెడల్పు పెట్టండి.

రౌటర్ బిట్టు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి లోపలి మూలలు ఎప్పుడూ పదునుగా రావు. 3 మి.మీ. బిట్టు అయితే ప్రతి లోపలి మూలా 1.5 మి.మీ. వంపు తిరుగుతుంది. అందుకని ఏనుగు కాళ్ల మధ్య సందు 4 మి.మీ. కంటే తక్కువ గీయకండి. 60 మి.మీ. పట్టీలో 210 వెడల్పుకు ఏనుగులు నాలుగు పెడితే తొండం, దంతం, కాళ్లు తెలుస్తాయి. ఏడెనిమిది పెడితే అవి పందులో ఏనుగులో చెప్పడం కష్టం. కన్ను, గంట, వీపు మీద కప్పే అలంకారపు గుడ్డ లాంటివి కోతకు ఇవ్వకుండా 1 మి.మీ. లోతు గీతలుగా వేరే రంగులో గీసి, ఆ రంగు చెక్కడానికి మాత్రమేనని షాపులో చెప్పండి.

పొరలు అతికించడానికి మామూలు తెల్ల ఫెవికాల్ పనికిరాదు, పీవీసీ దాన్ని పీల్చుకోదు. రబ్బరు రకం అడ్హెసివ్ రెండు వైపులా పలుచగా రాసి, చేతికి అంటుకోనంత వరకూ ఆరనిచ్చి ఒత్తండి. ఒకసారి తగిలాక జరపడం కుదరదు. ముందే రెండు మూలల్లో 3 మి.మీ. కన్నాలు పెట్టి, వాటిలో అగరొత్తి పుల్లలు దూర్చి పొరలు సరిచూసుకుంటే అడ్డదిడ్డంగా అంటుకోవు.

ఉక్కు కోత అవసరమైతే

ముందు చట్రంలో ఫ్యాన్ల ఎదుట చిల్లుల రేకు ఉంటే తీసేయడం మంచిది. దానికి 114 మి.మీ. హోల్ సా (గుండ్రంగా కోసే రంపపు బిట్టు) గానీ, 4 అంగుళాల గ్రైండరుకు 1 మి.మీ. కటింగ్ డిస్కు గానీ వాడతారు. గ్రైండరుతో గుండ్రం రాదు, చతురస్రంగా కోసి మూలలు ఆకురాయితో రుద్దండి. ఫ్యాను స్క్రూ కన్నాల మధ్య దూరం 105 మి.మీ. (140 ఫ్యానుకు 124.5). ఆ కన్నాల చుట్టూ కనీసం 6 మి.మీ. రేకు మిగలాలి.

మదర్‌బోర్డు, డిస్కులు, పవర్ సప్లై, వైర్లు అన్నీ బయటపెట్టాకే కోయండి. ఒక్క ఇనుప రజను మదర్‌బోర్డు కింద చేరితే చాలు. కోత అయ్యాక బ్రష్షుతో దులిపి, తడిబట్టతో తుడిచి, ఆఖర్న ప్లాస్టిక్ కవరు చుట్టిన అయస్కాంతం మూలమూలకూ తిప్పండి. కవరు తిరగేస్తే రజను దానంతట అదే రాలిపోతుంది. కోసిన అంచులకు యూ ఆకారపు రబ్బరు బీడింగ్ తొడగండి, లేకపోతే వైర్ల తొడుగు ఒలిచేస్తాయి.

రాయిలా కనిపించే రంగు

రౌటర్ కోసిన సన్‌బోర్డ్ అంచు స్పాంజిలా ఉంటుంది. 220తో రుద్ది, కార్ బాడీ పుట్టీ పలుచగా రాసి, 320తో మళ్లీ రుద్దాలి. ఈ మెట్టు వదిలేస్తే ఎంత మంచి రంగు వేసినా దగ్గరికొచ్చిన వాళ్లకు ప్లాస్టిక్ అని తెలిసిపోతుంది.

ప్రైమర్ 25 సెం.మీ. దూరం నుంచి మూడు పలుచని పూతలు, మధ్య పావుగంట. ఒకేసారి ముంచేస్తే కారి, ఆరాక చెరిపేయలేని చారలు పడతాయి. మబ్బు పట్టిన రోజు, తేమ ఎక్కువున్న సముద్రపు ఊళ్లలో సాయంత్రం పూట క్లియర్ కోటు వేయకండి. పైన తెల్లటి పొగ పట్టినట్టు మారుతుంది. మధ్యాహ్నపు ఎండలో ఆరబెట్టడం కూడా తప్పే. ముదురు రంగు వేసిన సన్‌బోర్డ్ మే నెల ఎండకు వంకర తిరుగుతుంది. నీడ, గాలి ఉన్న చోటు చాలు.

ఇసుకరాయి గరుకుకు ముగ్గుపిండి వాడండి. ఇటుక ఎరుపు యాక్రిలిక్ రంగు నాలుగు చెంచాలకు జల్లించిన ముగ్గుపిండి ఒక చెంచా. బ్రష్షుతో గీయకుండా స్పాంజి ముక్కతో అద్దండి. ఆరాక అదే రంగులో చందనం కలిపి పొడి స్పాంజితో ఎత్తు భాగాల మీద మాత్రం తాకించండి. చివరికి గోధుమ రంగు బాగా నీళ్లు కలిపి గీతల్లోకి వదిలి, పైపైన తుడిచేయండి. పిండి ఎక్కువైతే పొలుసులుగా రాలి ఫ్యాన్లలోకి పోతుంది. అందుకే పైన మ్యాట్ క్లియర్ రెండు పూతలు తప్పనిసరి.

నల్లరాయి భాగాలకు దీనికి పూర్తిగా వ్యతిరేకం. 600తో నున్నగా చేసి, నిగారించే నలుపు వేయండి. గరుకు ఎరుపు పక్కన నున్నటి నలుపు పడితేనే రామప్ప గుర్తొస్తుంది. రెండూ మ్యాట్ చేస్తే ఏ గుడో తెలియదు.

మదనిక

గ్రాఫిక్స్ కార్డు అడుగు నుంచి పవర్ సప్లై కప్పు దాకా ఎత్తు కొలవండి. కార్డు బిగించి, చేత్తో సమంగా ఎత్తిపట్టి కొలవాలి, వాలి ఉన్నప్పుడు కాదు. వచ్చిన ఎత్తులో 10 మి.మీ. తగ్గించి బొమ్మ ప్రింటు చేయించి, తలపై దిమ్మెలో ఎం4 బోల్టు, దాని మీద రబ్బరు టోపీ పెట్టండి. బోల్టు తిప్పి ఎత్తు సరిచేసుకోవచ్చు. ఫ్యాను రెక్కలకు తగలకుండా కార్డు చివరి అంచు కింద నిలబెట్టండి.

త్రీడీ ప్రింటుకు పీఎల్‌ఏ ప్లాస్టిక్ వద్దు, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. పీఈటీజీ 80 దాకా ఓర్చుకుంటుంది. బొమ్మను నిలువునా ప్రింటు చేస్తే పొరలు అడ్డంగా వచ్చి సన్నటి నడుము దగ్గర పుటుక్కున విరుగుతుంది. వెనక్కి పడుకోబెట్టి ప్రింటు చేయించండి. కాకపోతే వీపున సపోర్టు మచ్చలు పడతాయి, అవి గోడ వైపే కదా.

వెలుతురు

ఇంద్రధనుస్సు రంగులు తిరిగే లైట్లు పెడితే గుడి కాస్తా తిరునాళ్ల సెట్టింగవుతుంది. దీపం వెలుగు లాంటి వార్మ్ వైట్ 12 వోల్టుల స్ట్రిప్పు, మీటరుకు 60 ఎల్‌ఈడీలది, 60 సెం.మీ. చాలు. మీటరుకు 4.8 వాట్ల రకమైతే ఇది 3 వాట్లు కూడా లాగదు. స్తంభాల వెనక, చూరు లోపలి వైపు, ఎల్‌ఈడీ కంటికి కనపడకుండా అతికించండి. పవర్ సప్లై నుంచి వచ్చే నాలుగు పిన్నుల మోలెక్స్ ప్లగ్గులో పసుపు వైరు 12 వోల్టులు, ఎరుపు 5, నలుపు రెండూ గ్రౌండ్. స్ట్రిప్పును మూడేసి ఎల్‌ఈడీల దగ్గర గుర్తున్న చోటే కత్తిరించాలి.

రంగులు మార్చే ఏఆర్‌జీబీ కావాలంటే అది 5 వోల్టులు, మూడు పిన్నులు. మదర్‌బోర్డు మీద నాలుగు పిన్నుల 12 వోల్టుల హెడరు (ప్లగ్గు గుచ్చే పిన్నుల వరస) కూడా పక్కనే ఉంటుంది. బలవంతంగా దానికి గుచ్చితే స్ట్రిప్పు ఆ క్షణమే పోతుంది. ఒక్కో ఎల్‌ఈడీ పూర్తి తెలుపులో 60 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి 3 ఆంపియర్ల హెడరుకు 50 మించకూడదు.

ఎర్త్

కేబినెట్ లోపల రంగు వేస్తే పవర్ సప్లై బిగించే చోటు, మదర్‌బోర్డును మోసే స్టాండాఫ్‌లు (చిన్న లోహపు కాళ్లు) నిలబడే చోటు ముందే మాస్కింగ్ టేప్‌తో మూసేయండి. అక్కడ లోహానికి లోహం తగలాలి. మల్టీమీటరుతో ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి కేబినెట్ రేకు దాకా చూస్తే ఒక ఓమ్‌లోపు రావాలి. ముట్టుకున్నప్పుడు జిల్లుమంటే చాలాసార్లు తప్పు గోడలో ఉంటుంది: ప్లగ్ పాయింటులో ఎర్త్ లేకపోతే పవర్ సప్లై ఫిల్టరు కెపాసిటర్ల గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు రేకు మీద నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. సన్‌బోర్డ్ ముందు ఉంది కదా అని వదిలేయకండి.

చివరి పరీక్ష

పని మొదలుపెట్టకముందు, పూర్తయ్యాక, రెండుసార్లూ ఒకే గేమో ఒకే స్ట్రెస్ టెస్టో అరగంట నడిపి, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రతల పక్కనే గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. పోల్చాల్సింది గదికీ చిప్పుకీ ఉన్న తేడాను. జనవరిలో 68, మేలో 80 వచ్చిందంటే అది పలక తప్పు కాకపోవచ్చు.

ఆ తేడా 5 డిగ్రీల లోపు పెరిగితే వదిలేయండి. అంతకంటే పెరిగితే పలక తీసి మళ్లీ నడపండి. దిగితే పలకదే తప్పు: 25 మి.మీ. స్పేసర్ల స్థానంలో 35వి వేయండి. అరుగులో ముందున్న చోటు దానికి సరిపోతుంది. ఆ తర్వాతా చాలకపోతే మధ్య పొరలో ఒక సన్న స్తంభాన్ని తీసేసి, రెండు ఖాళీలు 64, 65 మి.మీ. వచ్చేలా మిగిలిన దాన్ని నడిమికి జరపండి. పలక తీసినా దిగకపోతే వెనక ఫ్యాను ఎదురు తిరిగి ఉందేమో చూడండి. ఫ్యాను చట్రం కాళ్లు కనిపించే వైపు నుంచే గాలి బయటికొస్తుంది.